కోనసీమ నుంచి కొబ్బరి చెట్లు చూడ్డానికి

నేను ఒక సెల్ఫీ కర్రను. కర్ర అన్నది పేరుకే, నాలో చెక్క ముక్క కూడా లేదు. ఒకదానిలోంచి ఒకటి జారే సన్నని ఇనుప గొట్టాలు, కింద నల్లటి స్పాంజి పిడి, పిడికి ఒక బొత్తాం, నెత్తిన ఫోను పట్టుకునే క్లిప్పు. ముడిస్తే జానెడుంటాను. సాగదీస్తే మనిషి చేతికి మరో చెయ్యి అతికించినంత అవుతాను. ఇప్పుడు సాగడమూ ముడుచుకోవడమూ రెండూ చాతకాక, నడుం వంగి, అండమాన్లో ఒక చిన్న దీవి రేవులో తుక్కు గుట్టమీద పడి ఉన్నాను. పైన చిరిగిన వల, పక్కన రెక్కలు విరిగిన టేబుల్ ఫ్యాను. చేసే పనేమీ లేదు కనుక నా కథ చెబుతాను. నా కథ అంటే చాలావరకు ఒక కంట్రోలరు గారి కథే.

పొరుగుదేశంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గొట్టాలు బిగించే పిల్ల మమ్మల్ని ఒక్కొక్కరినీ ఒకసారి సాగదీసి, ఒకసారి ముడిచి అట్టపెట్టెలో పడేసేది. పనిలో తలెత్తేది కాదు కనుక ఆమె మొహం నేను చూడనే లేదు. తరవాత ఓడ, లారీ, హైదరాబాదులో హోల్‌సేల్ కొట్టు, అక్కణ్ణుంచి కాకినాడ బీచి. అక్కడ ఒకతను మమ్మల్ని మునగకాడల కట్టలా చంకన పెట్టుకుని తిరుగుతూ అమ్మేవాడు. ఇంజనీరింగు చదివే లహరి అనే అమ్మాయి బేరమాడి నన్ను కొంది. అప్పట్లో మాకు మంచి రోజులు. హాస్టలు పిల్లలంతా నా ఎదుట ఒకరిమీద ఒకరు పడి ఇరుక్కునేవారు. అప్పటిదాకా దువ్వెన కోసం దెబ్బలాడుకున్నవాళ్ళు కూడా నేను సాగగానే భుజాలమీద చేతులు వేసుకునేవారు.

అప్పుడే నాకొక సంగతి తెలిసింది. ఫోనుకి ఫోటో తీసే క్షణం ఒక్కటే తెలుసు. దానికి ముందు మొహమూ, తరవాతి మొహమూ నాకు తెలుస్తాయి. మనుషులు ఆ మధ్య క్షణానికి తెచ్చిపెట్టుకున్న నవ్వుని పదిమందికీ పంపి, మిగతా రెండు మొహాలూ ఇంట్లోవాళ్ళకి ఉంచుతారు.

అందరూ అలా ఉండరు. లహరి సెలవులకి అమలాపురం వచ్చినప్పుడు వాళ్ళమ్మ సత్యవేణిని పంటు పడవ ఎక్కించి గోదావరి మధ్యలో నాతో ఫోటో తీసింది. గాలికి చెంగు ఎగిరి మొహాన పడుతుంటే ఆవిడ ఒకటే నవ్వు. ఫోటో అయిపోయినా ఆ నవ్వు ఆగలేదు. పంటు అవతలి ఒడ్డుకి చేరాక, దిగకుండా మళ్ళీ ఇటే వచ్చేద్దామని కూతుర్ని బతిమాలింది.

లహరికి పెళ్ళయి వెళ్ళాక నేను అమలాపురం ఇంట్లో బీరువా మీదకి చేరాను. సత్యవేణి నన్ను వదల్లేదు. పెరట్లో ఎత్తుగా కట్టిన తీగమీంచి బట్టలు లాగడానికి, మంచం కిందికి దొర్లిన నిమ్మకాయని బయటికి తెమ్మనడానికి నన్నే పిలిచేది. ఫోటోల కంటే ఆ పనే నాకు బాగుండేది. ఎవరూ మొహం మార్చుకోనక్కరలేని పని.

ఇక కంట్రోలరు గారు. ఆయన పేరు ఆదిమూర్తి, సత్యవేణి భర్త. ఉద్యోగమంతా బస్టాండులో గాజు కిటికీ వెనక కూర్చుని, ఏ బస్సు ఎప్పుడు రావాలో ఎప్పుడు కదలాలో చూసుకుంటూ, మైకులో చెబుతూ గడిపారు. రిటైరైన రోజున బస్టాండుని అక్కడే వదిలి రావలసింది. ఇంటికి తెచ్చేసుకున్నారు. హాల్లో పడక్కుర్చీ వేసుకుని, గోడ గడియారానికి ఎదురుగా కూర్చునేవారు. పాలవాడు ఆలస్యం. కుళాయి ఆలస్యం. కాఫీ అనుకున్న వేళకి బయలుదేరినా హాలుకి చేరేసరికి ఆలస్యం. తాలింపు చప్పుడు వినపడకపోతే, "ఇంకా పెట్టలేదేంటి?" అని అక్కణ్ణుంచే కేక. మధ్యాహ్నం పూట సత్యవేణి చెల్లెళ్ళో, పక్కింటివాళ్ళో వచ్చి కూర్చుంటే, కాసేపటికి ఆయన గడియారం చూసి, వాళ్ళ ఊరి బస్సు ఇప్పుడైతే దొరుకుతుందని చెప్పేవారు. మర్యాదగానే చెప్పేవారు. వాళ్ళు మర్యాదగానే లేచి వెళ్ళి, మళ్ళీ రావడం మానేశారు.

ఆయన చెడ్డమనిషి కాదు. ఒక్కనాడూ చెయ్యి ఎత్తలేదు, ఒక్క వ్యసనం లేదు. అదే సత్యవేణికి ఇబ్బంది. ఫలానా బాధ అని ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

ఒక సాయంత్రం లహరి పుట్టింటికి వచ్చింది. సత్యవేణి బట్టలు తీసి, నన్ను ఒళ్ళో పెట్టుకుని పెరట్లో చాకిరేవు బండమీద ఊరికే కూర్చుని ఉంది. దోమలు కుడుతున్నా లేవడం లేదు.

"ఇక్కడ కూర్చున్నావేంటమ్మా?"

"ఇక్కడిదాకా మీ నాన్నగారి మాట రాదే," అంది సత్యవేణి. కళ్ళ నీళ్ళేమీ లేవు. ఫ్యాను కింద చల్లగా ఉందని చెప్పినంత మామూలుగా అంది. లహరి నన్ను తల్లి ఒళ్ళోంచి తీసుకుని, కాసేపు సాగదీస్తూ ముడుస్తూ కూర్చుంది.

ఆ మరుసటి నెలలో ఆదిమూర్తి గారి పుట్టినరోజు వచ్చింది. లహరి ఒక కవరు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. మద్రాసు మీదుగా పోర్ట్‌బ్లెయిర్‌కి విమానం, అక్కణ్ణుంచి పడవమీద ఒక దీవి, అక్కడ తెలుగువాళ్ళ ఇంట్లో గది, వారం రోజులు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెనకా ముందూ తిప్పి చూశారు. ఒక్కరికే ఉందేంటని అడిగారు.

సత్యవేణి వంటింటి గుమ్మంలోంచి జవాబు చెప్పింది. "నాకు పడవలు పడవండీ. తల తిరుగుద్ది. మీరు హాయిగా వెళ్ళి రండి."

గోదావరి మీద ఆవిడ నవ్వు చూసినదాన్ని నేను. కానీ నన్నెవరు అడుగుతారు? లహరి నన్ను తండ్రి సంచిలో పెట్టింది. రోజూ ఫోటోలు పంపమంది. ఆయన ప్రయాణాన్ని మూడుసార్లు వద్దన్నారు. ఎండాకాలం దాటనివ్వమన్నారు, అది దాటాక చలికాలందాకా ఆగుదామన్నారు. తల్లీకూతుళ్ళు ఎప్పుడూ లేనంత ముద్దుగా, ఎప్పుడూ లేనంత గట్టిగా, ఇప్పుడే వెళ్ళి తీరాలన్నారు.

అలా వానాకాలం మొదట్లో, ఒక కోనసీమ మనిషిని విమానమెక్కించి, సముద్రం దాటించి, కొబ్బరి చెట్లు చూడ్డానికి పంపారు.

పడవ దిగి రేవు దాటగానే ఆయన చూసిందవే. ఇటు కొబ్బరి తోట, అటు కొబ్బరి తోట, మధ్యలో బురద రోడ్డు. సంచి నేలమీద పెట్టి, నడుంమీద చేతులేసుకుని, "దీనికోసమా?" అన్నారు. ఆయన పక్కన వినేవాళ్ళెవరూ లేరు. నేనూ, గొడుగూ.

గది పైడమ్మ అనే ఆవిడది. ఎప్పుడో చిన్నతనంలో శ్రీకాకుళం వైపునుంచి తల్లిదండ్రులతో వచ్చి దీవిలో స్థిరపడింది. భర్త పెద్ద పడవలమీద చేపల వేటకి పోయి వారాల తరబడి రాడు. ఇంటి వెనక తోటలో వేసిన గదుల్ని యాత్రికులకి అద్దెకిస్తుంది, వంట కూడా తనే వండి పెడుతుంది. ఒంటరిగా వచ్చిన ముసలాయన్ని చూసి ముందు ఆవిడకి జాలేసింది. "ఒక్కడివే వొచ్చీసినావేటి బావూ?" అంది. ఆ ప్రశ్న ఆయనకి నచ్చలేదు. తర్వాత రేవులో టిక్కెట్లిచ్చే అతను హిందీలో అదే అడిగాడు. కొబ్బరిబొండాలవాడు అడిగాడు. హనీమూన్‌కి వచ్చిన ఒక జంట, ఫోటో తీసిపెట్టమని ఫోను చేతికిచ్చి, ఆంటీ ఎక్కడని అడిగింది. నాలుగోసారికి, "ఇంట్లో ఉందండీ, పని ఉంది," అనడం నేర్చుకున్నారు.

వాన ఆగలేదు. పొద్దున ఆగినట్టే ఆగి, ఆయన చెప్పులు వేసుకోగానే మళ్ళీ అందుకునేది. పక్కబట్టలు చెమ్మ, పంచె చెమ్మ, అగ్గిపెట్టె చెమ్మ. సముద్రం బూడిదరంగులో, మా కాకినాడ సముద్రంలాగే ఉంది. పైడమ్మ పెద్ద ముక్కలతో చేపల పులుసు చేసి పెడితే, ఉప్పునీటి చేపకి రుచెక్కడిదని గోదావరి చేపల పేర్లన్నీ వరసగా చెప్పారు. ఆవిడ విని, చెప్పిన చేపలన్నీ అక్కడే ఉన్నాయి కదా, మరిక్కడికెందుకు వచ్చావని అడిగింది. ఆయన ముక్క ఇంకోటి వేయించుకున్నారు.

ఫోను పలికేది రేవులో మాత్రమే. రోజూ మధ్యాహ్నం గొడుగు వేసుకుని, నన్ను చంకలో పెట్టుకుని అక్కడికి నడిచేవారు. ముందు పడవ వేళ చూసేవారు. అది రావలసిన వేళకి రాదు. చేతిగడియారం టిక్కెట్ల కిటికీ అద్దానికి ఆనించి చూపించేవారు. లోపలి మనిషి ఆకాశం వైపు వేలు చూపించి టీ తాగేవాడు. ఆ తరవాత ఫోటో. నాకు బొత్తాం ఉందని లహరి చెప్పింది, ఆయన మరిచిపోయారు. నన్ను పూర్తిగా సాగదీసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలితో ఫోను తెరని అందుకోవాలని చూసేవారు. అందదు. అందకుండా ఉంచడమే కదా నా పని. వేలు చాచి, నడుం వంచి, నామీద విసుక్కుని, చివరికి ఎలాగో సగం బుర్రా, ఒక చెవీ, వెనక చాలా మబ్బూ వచ్చేలా ఒకటి తీసేవారు. దాని కింద, "వాన. పడవ ఆలస్యం," అని రాసి ఇంటికి పంపేవారు. లహరి బొటనవేలు గుర్తు పెట్టేది. సత్యవేణి, "చాలా బావుంది, జాగ్రత్త," అని పెట్టేది.

ఆయన ఆ మాట దగ్గర ఆగిపోయేవారు. వెంటనే వచ్చెయ్యండి అంటుందేమోనని చూసేవారు. అంటే పెట్టె సర్దుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. కరెంటు మీటరు ఎవరు చూస్తున్నారో, గ్యాసు బండ వచ్చిందో లేదో, తనులేని ఇల్లు ఎలా నడుస్తోందో అని ఆయన బెంగ. ఒక్క మాట కూడా ఆ సంగతులమీద రాలేదు. గ్యాసు బండ వచ్చే ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు విడిపోయింది. ఆదిమూర్తి గారు రేవులో రాతికట్ట మీద కూర్చుని ఉన్నారు. కళ్ళముందే సముద్రం రంగు మార్చుకుంది. ఒడ్డు దగ్గర లేత అరిటాకులా, లోపలికి పోయేకొద్దీ నెమలి మెడలా. నీళ్ళ అడుగున రాళ్ళూ, వాటి మధ్య తిరిగే చారల చేపలూ పైకే కనిపిస్తున్నాయి. ఆయన గడియారం చూసుకోవడం మరిచి నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఆ మొహం ఫోటో తీసుకుంటారనుకున్నాను. తీసుకోలేదు. ఫోను నా క్లిప్పుకి తగిలించి, సత్యవేణికి వీడియో కాల్ చేశారు. చూపించాలనిపించింది ఆయనకి. పెళ్ళయినప్పటినుంచీ వేళ చెప్పడానికి తప్ప ఆవిణ్ణి పిలవని మనిషికి, అలా అనిపించింది.

ఫోను ఎత్తింది సత్యవేణి కాదు. చెల్లెలు రమాదేవి. ఆపబోయి ఎత్తినట్టుంది, తెర వైపు చూడకుండానే దాన్ని తీసుకెళ్ళి టీవీ పక్కన నిలబెట్టింది. అమలాపురం ఇంటి హాలు మొత్తం కనిపించింది. కింద చాపమీద పనసకాయ కోసి ఉంది. చుట్టూ చెల్లెళ్ళు, పక్కింటి ఆవిడ, రావడం మానేసినవాళ్ళందరూ. పడక్కుర్చీలో, పొడుగాటి కుర్చీ చేతులమీద రెండు కాళ్ళూ చాపుకుని, సత్యవేణి. ఆవిడ చేతిలో గుండ్రంగా చుట్టిన పేపరు. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ముక్కుతో గొంతు కలిపి మాట్లాడుతోంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. వంటగది నుండి హాలుకు రావలసిన కాఫీ పది నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది. ఉప్మా రద్దు చేయబడినది."

చాపమీద వాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. పక్కింటావిడకి పనసతొన గొంతుకి అడ్డంపడింది. సత్యవేణి ఆవిడ వీపు తట్టమని సైగ చేస్తూ, నవ్వు ఆపుకోలేక, చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆదిమూర్తి గారు కదల్లేదు. నేను ఆయన మొహానికి చేతి దూరంలో ఉన్నాను. ఆశ్చర్యంగా, మొదట ఆయన పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. గొంతు అచ్చం తనదే మరి. ఆ తరవాత రమాదేవి, "బావగారు ఎప్పుడొత్తారే అక్కా?" అని అడిగింది.

"ఆదివారం," అంది సత్యవేణి.

అంతే. ఆ మాట అంటూ ఉండగానే మొహంలో దీపం తగ్గించినట్టయింది. కాళ్ళు కుర్చీ చేతులమీంచి తీసి కింద పెట్టుకుంది. చుట్టిన పేపరు విప్పి, మడతలు సరిచేసి, యథాస్థానంలో పెట్టింది. మొహాల విషయంలో నేను పొరపాటు పడను. తనని వెక్కిరించడం వరకైతే ఆయన సర్దుకునేవారేమో. ఆ ఆదివారం అన్నప్పటి మొహం చూశాక మాత్రం ఏదో తెగిపోయింది. ఫోను లాక్కుని నన్ను రాతికట్టకేసి కొట్టారు. నా మధ్య గొట్టం వంగింది. అప్పటినుంచీ ముడుచుకోలేను.

తిన్నగా టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళారు. సాయంత్రం పడవకే టిక్కెట్టు కావాలన్నారు. ఆదివారం కాదు, రేపే, చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడాలి. లోపలి మనిషి ఈసారి కూడా ఆకాశం వైపే వేలు చూపించాడు. ఇంత ఎండలో ఏమిటని ఈయన అరిచారు. తుఫాను గాలి హెచ్చరిక వచ్చిందట, మళ్ళీ చెప్పేదాకా పడవలు లేవట. ఆయన ఇంగ్లీషులో, హిందీలో, చివరికి శుద్ధమైన కోనసీమ తెలుగులో తిట్టారు. ఉద్యోగకాలంలో గాజు కిటికీ ఇవతల నిలబడి జనం తనని తిట్టిన తిట్లే అవి. కిటికీ మూసుకుంది. కాసేపటికి నిజంగానే గాలి లేచింది.

ఇక వరండాలో కూర్చోవడమే. రెండు రోజులు వాన పక్కకి పడింది. ఇంటికి వెళ్ళాక ఏమనాలో ఆయన పెదవులు కదిపి చూసుకునేవారు. ఒకసారి కోపంగా, ఒకసారి దీనంగా. పైడమ్మ అడిగితే జరిగింది కొంచెం చెప్పారు. ఆవిడ ఓదార్చలేదు. తన మొగుడు వేటకి పోతే తనకి పండగేనంది, తిరిగొస్తే అదింకో పండగంది. "రెండూ గావాల బావూ," అని చేపలు తోముకోవడానికి పోయింది. మీ సంగతి వేరని ఈయన వెనకనుంచి గట్టిగానే అన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. తడి కట్టెలు పొగలేస్తున్నట్టున్నాయి. ఆదిమూర్తి గారు వరండాలోంచే కేకేశారు. చారు ఇంకా పెట్టలేదా, ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు, పొయ్యి ముందే రాజేసుకోవద్దా. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. జవాబు రాలేదు. మళ్ళీ కేకేశారు. మళ్ళీ లేదు. లేచి, ఊతంగా నన్ను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి చూస్తే పొయ్యి మండుతోంది, మనిషి లేదు. పెరటి తలుపు తీసి ఉంది. పైడమ్మ కోళ్ళగూడు చూరు కింద పీట వేసుకుని, నెత్తిన గోనెసంచి కప్పుకుని, జల్లులో కూర్చుని ఉంది.

"వానలో కూర్చున్నారేంటమ్మా?"

"నీ గొంతుకి అందకుండా కూకున్నాను," అంది పైడమ్మ. కోపం లేదు, కొంచెం నవ్వు కూడా ఉంది. "నానైతే అద్దె తీసుకున్నాను, వారం ఓరుసుకుంటాను. మీ ఆవిడ ఎక్కడ కూకుంటాది బావూ?"

నా పిడిమీద ఆయన చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసింది. సత్యవేణి ఎక్కడ కూర్చుంటుంది? హాల్లోనా? హాల్లో ఉన్నది పడక్కుర్చీ, అది తనది. వంటింట్లో నిలబడే ఉంటుంది. అన్నం దగ్గర వడ్డిస్తూ ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్కొక్క గదినీ ఆయన మనసులో వెతుక్కుంటున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదిలాయి. ఎక్కడా ఆవిడ కూర్చుని కనిపించలేదనుకుంటాను. చాకిరేవు బండ సంగతి నాకు తెలుసు. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

ఆయన చెప్పులు విడిచి గూడు దగ్గరికి వెళ్ళి, లోపలికి రండమ్మా, చారు ఎప్పుడైతే అప్పుడే తింటాను, అన్నారు. చారులో ఉప్పు ఎక్కువైంది. మొహంలో తెలిసింది గాని, పైకి అనలేదు.

ఆదివారానికి సముద్రం సర్దుకుంది. పైడమ్మకి దణ్ణం పెట్టి, సంచి భుజాన వేసుకుని, వంగిన నన్ను చేతికర్రలా పట్టుకుని రేవుకి వచ్చారు. రెండు రోజులుగా ఇరుక్కుపోయిన జనమంతా అక్కడే ఉన్నారు. పడవ వచ్చి కట్టుకుంది. పలక దించారు. జనం ఎక్కుతున్నారు. ఆయన వరసలో నిలబడ్డారు. ముందున్నవాళ్ళు కదిలితే కదల్లేదు. వెనకాల మనిషి తోస్తే పక్కకి తప్పుకుని దారిచ్చారు. అందరూ ఎక్కేదాకా అలా దారిస్తూనే ఉన్నారు. తరవాత రాతికట్ట దగ్గరికి వెళ్ళి, నన్ను పక్కన పెట్టి, ఫోను తీశారు.

సత్యవేణి వెంటనే ఎత్తింది. బయలుదేరారా అని అడిగింది. గొంతు జాగ్రత్తగా ఉంది.

"లేదే. పడవలు ఇంకా వదల్లేదు. సముద్రం బాలేదంటున్నారు. ఇంకో నాలుగైదు రోజులు పట్టేలా ఉంది."

సరిగ్గా అప్పుడే పడవ కూత వేసింది. మామూలు కూత కాదు, దీవి అవతలి కొసకి కూడా వినిపించేది. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టబోయారు, ఆలస్యమైపోయింది. ఆవిడ ముప్పై ఏళ్ళ పైన బస్సులవాడితో కాపురం చేసిన మనిషి. బయలుదేరే బండి కూతకీ, ఆగిన బండి కూతకీ తేడా తెలియనిదేమీ కాదు.

"అదేంటండీ, కూత?"

"అది సరుకుల ఓడ. మనుషుల్ని ఎక్కించుకోరు."

పలక ఎత్తేశారు. తాడు విప్పారు.

"మొన్న మీ ఫోనొచ్చినట్టుందండీ," అంది సత్యవేణి నెమ్మదిగా. "రమ ఎత్తిందంట. నేను తరవాత చూసుకున్నాను. మీరు..."

ఆయన పడవ వైపు చూస్తూ ఉన్నారు. మధ్యలో నీళ్ళు వెడల్పవుతున్నాయి. గొంతు సవరించుకున్నారు. ఇన్ని రోజులు వరండాలో తయారు చేసుకున్నవన్నీ ఇప్పుడు వస్తాయనుకున్నాను.

"ఆ పడక్కుర్చీకి ఎడం చెయ్యి వదులే," అన్నారు. "అటువైపు కాలు మరీ బరువెయ్యకు. పడతావ్."

సత్యవేణి అలాగేనండీ అంది. అన్నాక ఫోను పెట్టెయ్యలేదు. ఈయనా పెట్టెయ్యలేదు. ఇద్దరూ చెరో ఒడ్డునా కాసేపు ఊరికే ఫోను పట్టుకుని ఉన్నారు. తరవాత ఆవిడ, అక్కడ సముద్రం ఏ రంగులో ఉంటుందని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టి, సరిగ్గా చెప్పలేక, విసుక్కుని, ఫోటో పంపుతానన్నారు. ఆ రోజు బొత్తాం దొరికింది ఆయనకి. వంకర నడుంతో నేను తీసిన ఫోటోలో మొహం లేదు, నీళ్ళే ఉన్నాయి. నా బ్రతుకులో నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే.

ఆ తరవాత ఆయన సంతోషంగా ఉన్నారంటే అబద్ధం. లహరికి కూడా పడవల అబద్ధమే చెప్పి విమానం టిక్కెట్టు మార్పించుకున్నారు గాని, ఆ మిగిలిన రోజులతో ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. తిన్నది అరక్క, తోచక, తోట చుట్టూ తిరిగి, కొబ్బరికాయలు దింపించడంలో పైడమ్మ ఆలస్యం చేస్తోందని మొదలుపెట్టి, నాలిక కరుచుకునేవారు. ఒక పూట నాలిక కరుచుకోవడం మరిచేవారు కూడా. ఆవిడ పీట తీసుకుని పెరట్లోకి నడవగానే గుర్తొచ్చేది. పెళ్ళాం సుఖం కోసం తను దీవిలో కూర్చోవాలా అని ఒకరోజంతా కోపంగా ఉన్నారు. ఆ కోపంతోనే సముద్రంలోకి మోకాళ్ళ దాకా దిగి, పంచె తడిసేసరికి ఇంకా కోపంగా వెనక్కి వచ్చారు. మనుషులు ఒక్క ఫోనుతో మారిపోతారని నేననుకోను.

వెళ్ళే రోజున నేను సంచిలో పట్టలేదు. పైడమ్మకి ఇచ్చేసి వెళ్ళారు. ఆవిడ నా తలకి ఒక ఇనుప కొక్కెం కట్టి, మునగకాడలు లాగడానికి వాడుకుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టాను. స్పాంజి పిడి ఎలుకలు కొట్టేశాయి. వేటనుంచి వచ్చిన మొగుడికి ఒకరోజు పైడమ్మ కాడలు లాగుతూ ఒక సంగతి చెప్పింది. అమలాపురం బాబు రేవులో ఉన్న కొట్టుకి ఫోను చేశాడట, సంక్రాంతి దాటాక గది కావాలట. ఇద్దరా అని అడిగితే, కాదు, ఒక్కణ్ణే అన్నాడట. వాళ్ళావిడ చెల్లెళ్ళు వస్తున్నారట, ఇంట్లో చోటు చాలదట, అందుకని తప్పడం లేదని చాలాసేపు విసుక్కున్నాడట. ఆ తరవాత వాళ్ళావిడ ఫోను తీసుకుని, చారులో ఉప్పు కొంచెం తగ్గించమని చెప్పిందట.

మరో వారానికి నా కొక్కెం ఊడింది, నేను ఇక్కడికి వచ్చాను. తుక్కు తీసుకెళ్ళే ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు. కరిగిస్తారంటున్నారు. ఏమవుతానో నా చేతిలో లేదు గాని, అడిగితే మాత్రం కూర్చునేది ఏదైనా చెయ్యమంటాను. చిన్న పీట అయినా చాలు, ఎవరో ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి.